పుత్రోత్సాహానికి కొలబద్ద

2024వ సంవత్సరం డిసెంబరు 28వ తేదీన మెల్‌బోర్న్ క్రీడాంగణంలో కనిపించిన ఒక దృశ్యాన్ని తెలుగువారు ఇంకను మరచిపోలేదు. ఆస్ట్రేలియాతో నాలుగవ టెస్టు ఆడుతున్న భారత జట్టు 191 పరుగులకే ఆరు వికెట్లు పోగొట్టుకొని దిక్కుతోచక ఉన్నది. ఆ సమయంలో దిగిన ఇరవైయొక్క ఏండ్ల నితీష్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్‌తో కలసి 127 పరుగులు జోడించి, ఒక్కొక్క పరుగే కూడబెట్టుకొంటూ తొంభైతొమ్మిది దాకా వచ్చినాడు. అంతలో తొమ్మిదవ వికెట్టు పడిపోయినది. చివరివాడుగా వచ్చిన సిరాజ్ మూడు బంతులను కాచుకోవలసి ఉన్నది. వేలాది ప్రేక్షకుల నడుమ ఒక తండ్రికి ఆ మూడు బంతులు మూడు యుగాలైనవి. సిరాజ్ గండం గడిపినాడు. తరువాతి ఓవరులో బంతి హద్దు దాటినది. విశాఖపట్నం గాజువాక పిల్లవాడు తన తొలి టెస్టు శతకం పూర్తిచేసినాడు. తండ్రి ముత్యాలరెడ్డి చేతులు జోడించి, ఆకాశం వైపు చూచి, పదిమందిలో ఉన్నానన్న సంగతి కూడ మరచి ఏడ్చినాడు.

ఆ ఏడ్పు వెనుక ఉన్న చరిత్ర పత్రికలకు ఎక్కి ఉన్నదే. ఆయన విశాఖలో హిందుస్థాన్ జింకు సంస్థ ఉద్యోగి. ఉదయపూరుకు బదిలీ వచ్చినప్పుడు, పిల్లవాడి ఆటకు భంగం కలుగుతుందని ఉద్యోగమే వదులుకొన్నాడు. ఆ తరువాత చేతిలో సొమ్ము తరిగినది, అయినవారి ఎత్తిపొడుపులు పెరిగినవి. కొడుకు అదంతా చూస్తూనే పెరిగినాడు.

ఆ చిత్రం చూచి కంట తడిపెట్టని తల్లిదండ్రులు అరుదు. అయితే దాని నుండి ఎవరేమి గ్రహించినారన్నది వేరే ప్రశ్న. పిల్లల మీద ఉన్నదంతా ఒడ్డినచో ఫలితం తప్పదని గ్రహించినవారు లేకపోలేదు. ఒడ్డినవారెందరో ఉంటారు, మెల్‌బోర్న్‌లో నిలిచినవాడు ఒక్కడు. జట్టులో చోటు దొరకని పిల్లల తండ్రులను ఏ కెమెరాయును వెదకదు. నిజానికి ఆ కన్నీటికి అర్థం ఇచ్చినది నూరు అనే అంకె కాదు. పన్నెండేండ్ల పిల్లవాడు ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరినాడో దారి పొడవునా వెంట నడిచి చూచిన కండ్లు అవి. ఆ పిల్లవాడు తొంభైతొమ్మిది దగ్గరనే ఆగిపోయి ఉన్నచో, లోకానికి వార్త లేదు. తండ్రికి మాత్రం గర్వించడానికి అడ్డేమీ లేదు. లోకం కొలిచే అంకె, తండ్రి ఎరిగిన దారి, ఈ రెంటికి ఉన్న భేదం నేటి తెలుగు గృహాలలో చెరిగిపోతున్నది.

శతకం అనగానే మరొక శతకం జ్ఞాపకం రాక మానదు. తండ్రికి అసలైన సంతోషం కొడుకు పుట్టిననాడు గాక, లోకులు వానిని మెచ్చిననాడు కలుగుతుందన్న సుమతీ శతకకారుని భావం బడికి పోయిన ప్రతి తెలుగువానికి తెలిసినదే. తరతరాలుగా ఉపాధ్యాయులు ఆ పద్యాన్ని వల్లె వేయించినారు. ఆ లోకులు ఎవరు అన్న ప్రశ్న మాత్రం తరగతిలో ఎక్కువగా వినబడలేదు. ఆనాటి లోకులు ఊరివారు. పిల్లవాడు పెద్దలతో ఎట్లా మాట్లాడినాడో, తగవు వచ్చినప్పుడు ఎటు నిలబడినాడో, అప్పు తీసుకొన్నది తిరిగి ఇచ్చినాడో లేదో కండ్లారా చూచినవారు. వారి మెప్పు వెనుక పరిచయం ఉన్నది. ఈనాటి లోకులు నాలుగురోడ్ల కూడలిలో ఎర్రదీపం పడినప్పుడు తలయెత్తి ఫ్లెక్సీ చూచేవారు. ఒక బొమ్మ, ఒక పేరు, ప్రక్కన ఒక అంకె. దీపం పచ్చబడగానే మరచిపోతారు. మెప్పుకోసం ఆరాటం మారలేదు, మెచ్చేవారే మారిపోయినారు.

పిల్లల ఎదుగుదలకు గుర్తులు పాతుకొనే అలవాటు తెలుగు ఇండ్లలో కొత్తది కాదు. అన్నప్రాశననాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పువ్వులు, కత్తి పరచి ప్రాకనిస్తారు. దేనిమీద చేయి వేసినా తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఒక భాష్యం చెప్పి మురిసిపోతారు. పుస్తకం పట్టితే పండితుడు, కత్తి పట్టితే శూరుడు. ఆ పళ్ళెంలో తప్పు జవాబు లేదు. అక్షరాభ్యాసం కూడ అటువంటిదే. గోదావరి ఒడ్డున బాసర సరస్వతీ ఆలయంలో వసంతపంచమినాడు బారులు తీరిన పిల్లలలో కొందరు బుద్ధిగా అక్షరం దిద్దుతారు, కొందరు గుక్కపట్టి ఏడుస్తారు, కొందరు బలపం నోట పెట్టుకొంటారు. ఎవడు బాగా దిద్దినాడని అక్కడ ఎవరును అడుగరు. అందరి తల్లిదండ్రులును ఒకే సంతోషంతో మెట్లు దిగుతారు. మైలురాయి స్వభావమే అది. ఆ దారిన నడిచే ప్రతివానికి అది ఎదురవుతుంది. ఒకడు దాటినందువల్ల మరొకనికి లేకుండా పోదు. ర్యాంకు స్వభావం వేరు. ఒకనికి అది దక్కాలంటే తక్కినవారికి దక్కకుండా పోవాలి.

పరీక్షా ఫలితం కూడ ఒకప్పుడు మైలురాయి వంటిదే. ఎస్.ఎస్.ఎల్.సి., ఆ తరువాత పదవ తరగతి ఫలితాలు పత్రికలలో అచ్చవుతూ ఉండిన రోజులు పెద్దల జ్ఞాపకంలో ఇంకను పదిలంగా ఉన్నవి. పేర్లు లేవు, బొమ్మలు లేవు, మార్కులును లేవు. చిన్న చిన్న అక్షరాలతో పుటలకొద్దీ నెంబర్లు. పత్రిక బస్సులో వచ్చేసరికి ఊరి కూడలిలో పిల్లలు, తండ్రులు గుంపుకట్టేవారు. వేలితో వరుసలు దిద్దుకొంటూ పోయి తన నెంబరు దగ్గర వేలు ఆగిననాడు ఆ ఇంట పండుగ. వేలు ఆగకుండా ముందుకు జారిపోయిననాడు మాత్రం ఏడ్పు ఇంటికి చేరేవరకు ఆగేది. ఆ అచ్చుపుటలో తప్పినవాని నెంబరు ఎక్కడా ఉండదు. లోకానికి కనబడేది నెగ్గినవారి జాబితా, అదియును పేర్లు లేని జాబితా. ఓటమి అన్నది ఒక ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదో ఇంటివారికి, బడిపంతులుకు తప్ప ఇతరులకు సులభంగా అంతుపట్టదు. మార్చి పోతే సెప్టెంబరు ఉన్నదన్న ఊరడింపు ఆ కాలంలోనే పుట్టి సామెతగా నిలిచినది. ఆ రోజులలో కఠినత్వం లేదని కాదు. బెత్తం ఉన్నది, తిట్లు ఉన్నవి, చదువు మాన్పించి పొలానికి పంపడమూ ఉన్నది. కాని తప్పిన పిల్లవాడిని సంతలో నిలబెట్టే యంత్రాంగం లేదు.

ఇప్పుడు ఫలితం అరచేతిలోకి వస్తున్నది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో అది వాట్సాప్ ద్వారా కూడ అందినది. పిల్లలకు ఎండలో నిలబడే బాధ తప్పినది, అంతవరకు మేలే. చిక్కు ఆ తరువాతి గంటలో వస్తున్నది. మార్కుల పట్టిక బొమ్మ తీసి బంధువుల బృందంలోకి పంపడం, పినతండ్రి కూతురికి ఎన్ని వచ్చినవో చూచుకోవడం, పక్క వాటావారు తలుపు తట్టి “మీవాడికెంత?” అనడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్ష వ్రాసిన రమారమి 6 లక్షల 14 వేల మందిలో 81.14 శాతం ఉత్తీర్ణులైనారు. అంటే ఒక లక్షా పదిహేను వేలకు పైబడిన ఇండ్లలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన పిల్లలు ఉన్నారన్నమాట. ఉత్తీర్ణులైనవారిలోను, ఐదువందల తొంభై రాలేదని అన్నం ముట్టనివారు ఆ లెక్కలోకి రారు.

ఈ మార్పు తనంత తాను వచ్చినది కాదు. తల్లిదండ్రుల గర్వాన్ని ముడిసరుకుగా వాడుకొనే వ్యాపారం ఒకటి మూడు నాలుగు దశాబ్దాలుగా తెలుగునాట పెరిగినది. దాని లెక్క చాల సూక్ష్మమైనది. మొదట మార్కులనుబట్టి పిల్లలను సెక్షన్లుగా వేరుచేస్తారు. ఆరితేరిన అధ్యాపకులు పై సెక్షనుకు పోతారు. అక్కడి కొద్దిమందికి ఫీజులో రాయితీ కూడ ఉంటుంది. ఫలితాలు రాగానే వారి బొమ్మలు గోడల మీదికి, పత్రికల మొదటి పుటకు, టెలివిజనులో ఊపిరి తిప్పకుండా వల్లించే అంకెలలోకి ఎక్కుతాయి. ఆ బొమ్మలు చూచి, తన బిడ్డ బొమ్మ కూడ అక్కడ చూచుకోవాలని ఆశపడిన రైతు, చిరుద్యోగి అప్పుచేసి ఫీజు కడతారు. వారి పిల్లలు చేరేది చాలవరకు క్రింది సెక్షనులో. గోడమీది గర్వం ఒకరిది, దాని ఖర్చు భరించేది ఇంకొకరు. తండ్రులు దీనిని ఎరుగరనడం పొరబాటు. ఎరిగియు, తమ బిడ్డ ఆ కొద్దిమందిలో ఉంటుందని నమ్ముతారు. నమ్మకపోతే తండ్రులెట్లా అవుతారు?

ప్రభుత్వాలు ఈ విషయంలో నిద్రపోయినవని అనడానికి వీలులేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో పదవ తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు ప్రవేశపెట్టినారు. పోటీ తగ్గుతుందని ఆశించినారు గాని, పదికి పది గ్రేడు పాయింట్లు వచ్చినవారి బొమ్మలతో అవే గోడలు నిండినవి. 2022లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ మార్కులకే మరలినది. ఆ సందర్భంలో ర్యాంకులను ప్రకటనలకు వాడరాదని ఉత్తర్వు చేసి, అతిక్రమిస్తే మూడు నుండి ఏడేండ్ల జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయని హెచ్చరించినది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి మెరిట్ జాబితా ప్రకటించడం మానుకొని, 2023లో మొదటి, రెండవ, మూడవ శ్రేణుల విభజనను కూడ తొలగించినది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగు కేంద్రాలకు ఒక నిబంధన పెట్టినది. విజయం సాధించిన తరువాత విద్యార్థి వ్రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప అతని పేరు, ఫోటో ప్రకటనలో వాడకూడదు. పిల్లవాని ముఖం పిల్లవానిదే అన్న చిన్న సత్యాన్ని చెప్పడానికి ఒక జాతీయసంస్థ నిబంధనలు వ్రాయవలసి వచ్చినది!

మార్కులు అసలే వద్దనేవారు కూడ ఉన్నారు. వారి మాట వినసొంపుగా ఉన్నది గాని, పేదవాని ఇంటినుండి చూచినచో అంత న్యాయంగా కనబడదు. ధనవంతుని బిడ్డకు పలుకుబడి ఉన్నది, పరిచయాలు ఉన్నవి. కూలివాని బిడ్డ చేతిలో ఉన్న పత్రం మార్కుల పట్టిక ఒక్కటే. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి ప్రతిభనుబట్టి గ్రామీణ విద్యార్థులను నేరుగా చేర్చుకొని, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత అదనపు వెయిటేజి ఇచ్చినందువల్ల, ఇంటిలో మొదటిసారిగా చదువుకొన్న పిల్లలెందరో ఇంజనీర్లైనారు. వారి తండ్రులు మార్కులు చూచి గర్వించడం తప్పనేదెవరు? 2022 ఉత్తర్వులోని వివేకం ఇక్కడనే ఉన్నది. అంకెను పిల్లవాని చేతికి ఇవ్వవచ్చు. బజారు చేతికి ఇవ్వకూడదు. ఉత్తరం ఎవరి పేర వచ్చినదో వారే చదువుకోవాలన్నట్లుగా.

బజారు చేతికి చిక్కిన గర్వం ఏమి చేయగలదో 2019 ఏప్రిల్ నెల తెలంగాణకు చూపినది. ఆ నెల 18వ తేదీన ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినవి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినారు. మొదటి సంవత్సరంలో ఉన్నతంగా నెగ్గిన ఒక బాలికకు తెలుగులో సున్న పడినది. తిరిగి చూడగా అవి తొంభైతొమ్మిది అని తేలినది. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించి, తప్పిన విద్యార్థులందరి పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలింపజేయగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనారు. ఈలోగా ఇరవైమందికి పైబడి పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. పొరబాటు యంత్రానిదా, మనుష్యులదా అని అప్పుడు చాల చర్చ జరిగినది, జరగవలసినదే. కాని లెక్క తప్పకుండా నిజంగా తప్పిన పిల్లవాడైనను సాయంత్రం ఇంటికి పోయి తండ్రి ముఖం చూడగలగాలి గదా! ఆ చర్చ అంతగా జరగలేదు.

తరువాత ఆరేండ్లకు ఆ చర్చను సర్వోన్నత న్యాయస్థానం ఎత్తుకొన్నది. విశాఖపట్నంలో వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుతూ 2023లో మరణించిన పదునేడేండ్ల విద్యార్థిని వ్యాజ్యంలో 2025 జులై 25న ఇచ్చిన తీర్పులో ధర్మాసనం దేశమంతటికి వర్తించే పదునైదు మార్గదర్శక సూత్రాలను నిర్దేశించినది. మార్కులనుబట్టి బ్యాచీలు విడదీయడం, పదిమందిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలయినంతవరకు మానుకోవాలన్నది. తల్లిదండ్రులకు కూడ ఈ విషయమై అవగాహన సభలు జరపాలన్నది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారని, వారిలో 2,248 మంది మరణాలకు పరీక్ష తప్పడమే కారణమని ఆ తీర్పు ఉదహరించినది. పక్క సంఖ్యను చూచి బెదరడంకన్నా, న్యాయస్థానం తల్లిదండ్రులను కూడ పాఠం వినవలసినవారి జాబితాలో చేర్చినదన్న సంగతిని గమనించాలి. ఇల్లు ఈ వ్యవహారంలో కేవలం సాక్షి కాదు.

ఇంటిలో తండ్రి గర్వం ఒక తీరు, తాత గర్వం ఇంకొక తీరు. తండ్రి పక్కకు చూస్తాడు. తాత వెనుకకు చూస్తాడు. పక్కన ఉన్నది తోడల్లుని కొడుకు. వెనుక ఉన్నది తన బాల్యం. 1951 జనాభా లెక్కలలో దేశంలోని స్త్రీలలో అక్షరాస్యులు నూటికి తొమ్మిదిమంది కంటె తక్కువ. ఆ కాలంలో బడి గడప తొక్కని ఆడపిల్ల ముని వయస్సులో మనుమరాలి పట్టా చేత పట్టుకొన్నప్పుడు, అది మొదటి శ్రేణియా, మూడవ శ్రేణియా అన్నది ఆమెకు ఎందుకు? తన వేలిముద్రకు, ఆ పిల్ల సంతకానికి మధ్య ఉన్న దూరమే ఆమెకు కనబడుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అని లోకం వెక్కిరింతగా వాడుతుంది గాని, ఆ సామెతలోని కాకి తెలివిగలదే. పక్కచెట్టు కాకిపిల్లతో తన పిల్లను పోల్చి చూడదు. అయితే వృద్ధులందరు ఇంత నిర్మలులని అనుకోరాదు. పెండ్లిపందిట్లో అమెరికా మనుమని జీతాన్ని, ఊరిలో ఉన్న మనుమని జీతాన్ని గట్టిగా పోల్చి చెప్పే తాతలు ప్రతి వంశంలోను ఒకరిద్దరు ఉంటారు. ఆ పూట ఊరిలో ఉన్న మనుమడే విస్తళ్ళు వేస్తూ ఉంటాడు.

సుమతీ శతకకారుడు చెప్పక విడిచిన ఆడపిల్లల సంగతి ఈ తరంలో వేరుగా చెప్పవలసిన అవసరం లేకుండా పోయినది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి అశోక్ అధ్యాపక వృత్తి విడిచి కూతురికి చదరంగం నేర్పినాడు. ఆమె పదునైదవ ఏట గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు లోకమంతా మెచ్చినది. అది అందరెరిగినదే. 2024 డిసెంబరులో, మెల్‌బోర్న్ దృశ్యానికి సరిగా ఒకటి రెండు దినాల తేడాలో, ముప్పదియేడేండ్ల హంపి న్యూయార్కులో రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినది. తాను పోటీలకు పోయినప్పుడు తన బిడ్డను తల్లిదండ్రులే చూచుకొంటారని ఆమె చెప్పినది. ఆ ఇంట పెద్దల పని బాల్యంలో ఎత్తులు నేర్పడంతో ముగియలేదు. మనుమరాలిని బడికి సిద్ధం చేయడంలోకి మారినది. ఈ రెండవ పనికి పతకం లేదు. దానికి ఫ్లెక్సీ కట్టేవారును లేరు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు కూలివారి బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా 2014 మే 25న, పదునాలుగు నిండకముందే ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ పిల్ల మార్కుల సంగతి ఎవరికి తట్టినది? గురుకులంలో ఒక ఉపాధ్యాయుడో, ఒక శిక్షకుడో ఆమె కాళ్లలోని బలాన్ని, కండ్లలోని నిబ్బరాన్ని గుర్తించి ఉండకపోతే ఆమె కూడ పట్టికలో ఒక అంకెగానే మిగిలిపోయేది. పిల్లలోని ఈ తక్కిన భాగాన్ని చూడవలసినది ఎవరు అన్నప్పుడు ప్రశ్న తిరిగి బడికే వస్తున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మరల 2025 జులై 10న పాఠశాలలన్నిటిలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెద్ద ఎత్తున జరిగినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించిన సమగ్ర ప్రగతిపత్రం అటువంటి సమావేశాలలో తల్లిదండ్రుల చేతికి వస్తున్నది. అందులో మార్కులే గాక, పిల్లవాడు తననుగురించి తాను చెప్పుకొనే చోటు, తోటివారు చెప్పే చోటు, ఇంటివారు చెప్పే చోటు ఉద్దేశించబడినవి. పత్రం మంచిదే, నింపేవారికి ఓపిక ఉండాలి. అరవైమంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కరి గురించి నాలుగు వాక్యాలు వ్రాయవలసిన ఉపాధ్యాయుని శ్రమను ఆ పత్రం రూపొందించినవారు ఎంతవరకు ఊహించినారో తెలియదు. కూలి మానుకొని వచ్చి బల్లమీద కూర్చున్న తల్లి మొదట అడిగేది మార్కుల సంగతే. “మీవాడు ఇంటిలో ఏమేమి చేస్తుంటాడమ్మా?” అని ఉపాధ్యాయుడే ముందుగా అడిగినచో, ఆమె కొంచెం తటపటాయించి, చెల్లెలిని బడికి తీసుకొనిపోవడం, మోటారు మరమ్మతు చేయడం, తాతకు ఫోనులో మందుల పేర్లు చదివి వినిపించడం ఒక్కొక్కటిగా చెప్పుకొస్తుంది. కొడుకు ఆ పక్కనే నిలబడి వింటూ ఉంటాడు.